పాట కట్టినవారును, అంతర్జాల ప్రచురణాలయములును



పాటలు కట్టువారు తమ రచనలను అంతర్జాలమున ప్రచురించు సంస్థలను ఎంతవరకు నమ్మవచ్చును, ఆ నమ్మకమును ఏ గీటురాతిపై గీసి చూడవలెను అను విషయమును గూర్చి నేడు నాలుగు మాటలు విన్నవింపదలచితిని. ఇది పట్టణములలోని సంగీత విద్వాంసుల గొడవయే గాని హాలియావంటి ఊరివారికి పట్టినది కాదని కొందరు తలపవచ్చును. అట్లు తలపవలదని నా మనవి. మన నల్లగొండ, పాలమూరు సీమలలో పాట కట్టనేర్చినవారు లేని గ్రామము అరుదు. ఏకాదశి భజనకు కీర్తన కూర్చువారు, కోలాటమునకు వరుసలు కట్టువారు, చిరుతల రామాయణమునకు దరువులు అల్లువారు మన నడుమనే యున్నారు. మన్యంకొండ హనుమద్దాసు కీర్తనలు పాలమూరు భజన మండలులకు సొత్తు. సుద్దాల హనుమంతు, బండి యాదగిరి మున్నగువారు కట్టిన పాటలు నిజాము కాలపు పోరాటమున పల్లె పల్లెకు ప్రాకి, తరువాత 'మాభూమి' చిత్రమున వెండితెరకును ఎక్కినవి.

ఇంతకాలమును ఈ పాటలు నోటినుండి చెవికి, చెవినుండి నోటికి నడచినవి. నేడు మనుమడు కంప్యూటరు ముందు కూర్చుండి, తాతగారి కీర్తనకు స్వరలిపి వ్రాసి, క్షణములో దానిని లోకమంతటికిని చూపుచున్నాడు. పాటలోని స్వరములను, తాళమును గుర్తులతో వ్రాయుటయే స్వరలిపి. పాశ్చాత్యులు అయిదు గీతలపై చుక్కలుంచి వ్రాయుదురు. మనవారు సరిగమల అక్షరములతో వ్రాయుదురు. ఎట్లు వ్రాసినను, ఆ పత్రము చేతనున్నచో పాటను ఎన్నడును విననివాడు సయితము పాడవచ్చును. ఇందు గొప్ప మేలు గలదు. ఆ పత్రము ఎవరి చేతిలో పడుచున్నదో తెలియకున్నచో కీడును గలదు.

ఈ కీడు చిన్నది కాదు. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము పాట కట్టినవాని హక్కు అతని జీవితకాలమును, మరణానంతరము 60 సంవత్సరములును నిలుచును. ఆ లెక్క మరణించిన మరుసటి సంవత్సరారంభమునుండి సాగును. సుద్దాల హనుమంతుగారు 1982లో కాలధర్మము చెందిరి. కనుక వారి పాటలపై హక్కుకాలము 2042 చివరివరకు ఉన్నది. అనగా పాట కూడ పొలమువలె వారసులకు సంక్రమించు ఆస్తియే. నేడు ఒక పెద్దమనిషి తొందరలో ఒప్పుకొన్న షరతు అతని మనుమల కాలమువరకు బంధించును.

ముందుగా ఈ ప్రచురణాలయములు ఎట్టివో తెలిసికొందము. స్థూలముగా ఇవి మూడు విధములు. మొదటిది గ్రంథాలయము వంటిది. 'ఐ.ఎమ్.ఎస్.ఎల్.పి.' అనునది 2006లో ఎడ్వర్డ్ గువో అను విద్యార్థి స్థాపించిన స్వరలిపి భాండాగారము. హక్కుకాలము తీరిన పాశ్చాత్య సంగీత గ్రంథములను అచ్చట ఎవరైనను చూచుకొనవచ్చును. జీవించియున్న రచయితలును తమ యిష్టపూర్వకముగా తమ కృతులను అందుంచవచ్చును. రెండవది అంగడి వంటిది. అమెరికాలో 'షీట్ మ్యూజిక్ ప్లస్' అను అంగడి అట్టిది. 'అరేంజ్‌మి' అను మార్గమున రచయితలు తమ పత్రములను స్వయముగా అట్టి అంగళ్లలో అమ్మకమునకు పెట్టవచ్చును. అమ్మిన సొమ్ములో కొంత అంగడివానికి, కొంత రచయితకు చేరును. మూడవది రచ్చబండ వంటిది. పలువురు తమ వ్రాతలను ఒకరికొకరు చూపుకొనుటకు ఏర్పడినది. 'మ్యూజ్‌స్కోర్' అను వెబ్‌సైటు ఈ జాతిది. ఇచ్చట ఒక జాగ్రత్త చెప్పవలసియున్నది. మ్యూజ్‌స్కోర్ అను పేరుతోనే స్వరలిపి వ్రాయు సాఫ్ట్‌వేరు ఒకటి కలదు, అది ఉచితము. అదే పేరుగల వెబ్‌సైటులో కొన్ని సౌకర్యములకు చందా చెల్లింపవలెను. పేరు ఒక్కటియైనను వస్తువులు రెండని తెలిసి మెలగవలెను.

గ్రంథాలయమునకు వలసిన గుణము వేరు, అంగడికి వలసిన గుణము వేరు. కావున 'ఇది మంచిదా, చెడ్డదా' యని ఒక్క మాటలో అడుగుట వ్యర్థము. నా బుద్ధికి తోచినంతలో నాలుగు ప్రశ్నలు వేయవలెను. పేరు ఎవరిది? హక్కు ఎంత? లెక్క ఎట్టిది? వెనుకకు వచ్చు దారి యేది? ఈ నాలుగింటికి వ్రాతమూలకముగా ఉత్తరమిచ్చు సంస్థ నమ్మదగినది. ఒక్కదానికైనను తప్పించుకొను సంస్థ ఎంత పెద్దదైనను నమ్మదగినది కాదు.

ఈ ప్రశ్నలు నేడు క్రొత్తగా పుట్టినవి కావు. మన సంగీత చరిత్రలోనే వీనికి నిదర్శనములు గలవు. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) రచించిన సంకీర్తనములను వారి వంశమువారు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున ఒక అరలో భద్రపరచిరి. ఆ రేకులు శతాబ్దములపాటు అచ్చటనే యుండి, 20వ శతాబ్ది ప్రథమ భాగమున వెలికివచ్చినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మున్నగు పండితులు వానిని పరిష్కరించి లోకమునకందించిరి. రాగి చెడలేదు, అక్షరము చెడలేదు, కర్త పేరు చెడలేదు. కాని రేకులపై రాగము పేరు మాత్రమే యున్నది, స్వరములు లేవు. అందుచేత నేడు మనము వినుచున్న వరుసలలో పెక్కు ఆధునిక విద్వాంసులు కూర్చినవే. భద్రముగా దాచుట యొకటి, సంపూర్ణముగా వ్రాయుట యొకటి, అవసరమునకు వెలికి తీయగలుగుట యొకటి. ఈ మూడును కూడినప్పుడే రచన నిలుచును.

రెండవ నిదర్శనము ఎట్టయాపురమునకు చెందినది. ముత్తుస్వామి దీక్షితుల వంశమునకు చెందిన సుబ్బరామ దీక్షితులు (1839–1906) తమ యింట పరంపరగా వచ్చిన కృతులను చిరకాలము వెలికి తీయలేదు. మదరాసువాడైన చిన్నస్వామి మొదలియారు, ఎట్టయాపురము సంస్థానాధిపతి ప్రోత్సహింపగా, వారు ఆ కృతులను స్వరసహితముగా వ్రాసి యిచ్చిరి. 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' యను మహాగ్రంథము తమిళదేశమందలి ఎట్టయాపురముననే విద్యావిలాసినీ ముద్రాక్షరశాలయందు తెలుగు లిపిలో అచ్చయ్యెను. అందు గమకములకు ప్రత్యేక చిహ్నములు గలవు. ప్రతి కృతికిని కర్త పేరు గలదు. వాగ్గేయకారుల చరిత్రయు గలదు. ఆ పండితుడు ప్రచురణకర్తలను ఎరిగియుండెను, అచ్చు తన కన్నులయెదుట జరుగుటను చూచెను. నేటి రచయితకు ఆ రెండు సౌకర్యములును లేవు. సంస్థ సముద్రముల కావల నుండును. దాని మునీము ముఖము ఎన్నడును కానరాదు. కనుకనే కన్నులకు బదులు ప్రశ్నలను వాడుకొనవలసియున్నది.

మొదటి ప్రశ్న పేరు. మన పల్లెలలో పాట కట్టిన పెద్దకు స్వరలిపి రాదు. స్వరలిపి వ్రాసిన పిల్లవానికి పాట కట్టుట రాదు. వెబ్‌సైటులో ఖాతా పిల్లవాని పేర నుండును. అచ్చట 'స్వరకర్త' అను గడిలో తన పేరే వ్రాసికొన్నచో, రెండు తరములు గడచునప్పటికి తాత పేరు మాసిపోవును. ఈ విషయమున చట్టము మన పక్షముననే యున్నది. 1994 నాటి సవరణ ప్రకారము, సంగీతమును కూర్చినవాడే స్వరకర్త. అతడు దానిని స్వరలిపిలో వ్రాసెనా లేదా యను దానితో నిమిత్తము లేదు. అక్షరము రాని వృద్ధుడు కట్టిన వరుసకు ఆ వృద్ధుడే కర్త. సాహిత్యము వేరొకరిదైనచో అది వేరు రచనగా పరిగణింపబడును. 57వ సెక్షను ప్రకారము, హక్కులు ఇతరులకు వ్రాసి యిచ్చిన పిమ్మటకూడ, 'ఈ రచన నాది' యని చెప్పుకొను హక్కు కర్తకు మిగిలియుండును. కాబట్టి సాహిత్యకర్త, స్వరకర్త, లిపికారుడు అను మువ్వుర పేర్లను వేరువేరుగా చూపుటకు వీలిచ్చు సంస్థను ఎన్నుకొనవలెను. అట్లు వీలులేనిచో పత్రము తలపైనే ఆ మూడు పేర్లను స్పష్టముగా వ్రాయవలెను.

రెండవ ప్రశ్న హక్కు. దీనిని పొలము పోలికతో చెప్పెదను. క్రయ దస్తావేజు వ్రాసినచో పొలము చేజారినది. కౌలుకిచ్చినచో గడువు తీరగానే మరల మన చేతికి వచ్చును. మన బావినుండి నీరు తోడుకొమ్మని ఒకరికి అనుమతి యిచ్చినచో, మరియొకరికిని ఇయ్యవచ్చును, బావి మనదే. పాట విషయమునను ఈ మూడు రకములును గలవు: పూర్తి హక్కుల బదిలీ, ఒక్కరికే యిచ్చు అనుమతి, పలువురికి ఇయ్యదగిన అనుమతి. క్రొత్తగా ప్రవేశించు రచయితకు మూడవదే క్షేమము. మన చట్టమునందలి 19వ సెక్షను ప్రకారము హక్కుల బదిలీ వ్రాతమూలకముగా, సంతకముతో ఉండవలెను. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలము, ఏ దేశములకు, ఎంత ప్రతిఫలము అనునవి అందు తెలుపవలెను. కాలము తెలుపనిచో అయిదు సంవత్సరములనియు, దేశము తెలుపనిచో భారతదేశమునకు మాత్రమేయనియు భావింపబడును. హక్కు పుచ్చుకొన్నవాడు ఒక్క సంవత్సరములోపల దానిని వినియోగింపనిచో, వేరు షరతు లేకున్న ఆ బదిలీ చెల్లదు. ఈ రక్షణలన్నియు పత్రమున మౌనమున్నచోటనే. పత్రమునందే 'శాశ్వతముగా, సర్వదేశములకు' అని యున్నచో, మౌనము మనకు తోడ్పడదు.

నావద్ద చదువుకొన్నవాడొకడు ఇప్పుడు కోలాట బృందమునకు గురువుగా నున్నాడు. ఒక సంస్థవారి షరతుల పత్రమును అచ్చువేయించి నాయొద్దకు తెచ్చెను. మొదటి పుటలో 'మీ పాట ఎప్పటికిని మీదే' యని పెద్ద అక్షరములలో నుండెను. తొమ్మిదవ పుటలో, ఆ పాటను మార్చుటకును, అమ్ముటకును, మూడవవారికి దఖలు చేయుటకును ఆ సంస్థకు శాశ్వతాధికారము గలదని చిన్న అక్షరములలో నుండెను. తీసివేయుమని కోరు మార్గము ఎచ్చటను లేదు. వాడు నన్ను, "అయ్యవారూ, మొదటి పుట నిజమా, తొమ్మిదవ పుట నిజమా?" యని అడిగెను. "రెండును నిజమే. పట్టా నీ పేర నుండును, పంట వారు కోసికొందురు" అని చెప్పితిని. వాడు అంగీకారపు మీట నొక్కలేదు. 'అంగీకరించితిని' అను మీట నొక్కుట కరారునామాపై వ్రేలిముద్ర వేయుటవంటిదే యని మన పిల్లలకు బోధింపవలెను.

మూడవ ప్రశ్న లెక్క. ప్రతి యమ్మకమునందు రచయిత భాగము నూటికెంత, ఎన్ని నెలలకొకసారి చెల్లింతురు, ఎంత మొత్తము చేరువరకు నిలిపి యుంచెదరు, అమ్మకపు పట్టికను రచయిత స్వయముగా చూడవచ్చునా అనునవి ముందే తెలియవలెను. పాటను ప్రచురించుటకు ముందుగా రుసుము కట్టుమనువారి విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. అంగడివానికి లాభము పాట అమ్ముటవలన రావలెను; రచయితవద్ద పుచ్చుకొను రుసుమువలననే వచ్చుచున్నచో, పాట అమ్ముడుపోయినను పోకున్నను వానికి చింత యుండదు. బ్యాంకునుండి వచ్చు రహస్యపు అంకెలను అడుగువాడు ప్రచురణకర్త కాడు, దొంగ. అయితే ప్రతి కాగితమును చూచి బెదరనక్కరలేదు. అమెరికా సంస్థలు సొమ్ము చెల్లించుటకు ముందు పన్ను సంబంధమైన పత్రమొకటి అడుగుట అచ్చటి చట్టము చేతనే. ఆ పత్రము లేనిచో అచ్చటి ఆదాయమునుండి నూటికి 30 వంతున పన్ను పట్టుకొనవలసి యుండును. అది మోసమునకు గుర్తు కాదు.

నాలుగవ ప్రశ్న వెనుకకు వచ్చు దారి. ఇది అన్నిటికంటె ముఖ్యమని నా అభిప్రాయము. సంస్థ నిజాయితీగలదైనను చిరకాలము నిలుచునను నియమము లేదు. 'మైస్పేస్' అను ప్రసిద్ధమైన వెబ్‌సైటు, 2003 మొదలు 2015 వరకు జనులు అందుంచిన సంగీతము తమ యంత్రములను మార్చుచుండగా నశించినదని 2019లో ఒప్పుకొనెను. దానినే నమ్మి వేరు ప్రతి ఉంచుకొననివారి పాటలు పోయినవి. 1988లో వెలువడిన 'ఫినాలే' యను స్వరలిపి సాఫ్ట్‌వేరును ఇక అభివృద్ధి చేయబోమని దాని యజమానులు 2024 ఆగస్టులో ప్రకటించిరి. ముప్పదియైదేండ్లకు పైగా దానిలో వ్రాసినవారందరును తమ వ్రాతలను వేరు రూపమునకు మార్చుకొనవలసిన పని పడెను. పైన చెప్పిన ఐ.ఎమ్.ఎస్.ఎల్.పి. కూడ 2007 అక్టోబరులో మూతపడెను. వియన్నా నగరపు 'యూనివర్సల్ ఎడిషన్' అను ప్రచురణ సంస్థ అభ్యంతరము తెలుపుటయే దానికి కారణము. అప్పటి కెనడా చట్టము ప్రకారము హక్కుకాలము కర్త మరణానంతరము 50 సంవత్సరములు, ఐరోపాలో 70. ఒకచోట ధర్మమైనది మరియొకచోట అపరాధమాయెను. 2008 జూన్ చివర ఆ భాండాగారము మరల తెరవబడి, నేటికిని నడచుచున్నది. మూతపడుట మోసము కాదు. మూతపడిననాడు మన సొత్తు మన చేతనుండెనా యనునదే ప్రశ్న.

కనుక పాట నుంచుటకు ముందే, దానిని తీసివేయుట ఎట్లో అడిగి తెలిసికొనవలెను. తీసివేసిన పిమ్మట ఎన్ని దినములలో అమ్మకము నిలుచును? ఖాతాదారు మరణించినచో వారసులకు ఖాతా దక్కునా? ప్రతి రచనకును కాగితముపై ఒక ప్రతి, పీడీఎఫ్ రూపమున ఒక ప్రతి, పెక్కు స్వరలిపి సాఫ్ట్‌వేర్లలో తెరువదగిన 'మ్యూజిక్ ఎక్స్ఎమ్ఎల్' రూపమున ఒక ప్రతి, కర్త కంఠముతో పాడిన ధ్వని ప్రతి ఒకటి ఇంట నుంచుకొనవలెను. కంఠధ్వని ఎందుకన, గమకమంతయు అయిదు గీతలలో ఒదుగదు. తాళ్లపాక రేకులు నేర్పిన పాఠమిదియే.

ఇంతవరకు సంస్థల ధర్మము చెప్పితిని. మన ధర్మమును చెప్పవలెను. ప్రతి సంస్థయు 'ఇది నా స్వంత రచన' యని మనచేత ఒప్పించుకొనును. అబద్ధమని తేలినచో నష్టము మనపై పడును. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిరి. వారి కృతులు లోకమందరివి. ఎవరైనను వానికి స్వరలిపి వ్రాయవచ్చును, కాని తన కృతియని చెప్పరాదు. తరతరములుగా వచ్చుచున్న బతుకమ్మ పాట వరుసను తన పేర నమోదు చేసికొనుట ఊరుమ్మడి సొత్తును దొంగిలించుటయే. చలనచిత్రపు వరుసకు భక్తి సాహిత్యము పొదిగి భజనలో పాడుకొనుట మనలో వాడుక. దానిని అమ్మకమునకు పెట్టినచో ఆ వరుస కర్తకు హక్కు ఉన్నదని మరువరాదు. స్వరకర్తలకు, గీతకర్తలకు 1969లో ఏర్పడిన ఐ.పి.ఆర్.ఎస్. అను సంఘము కలదు. దానియందు చేరి కొన్ని హక్కులను సంఘమునకు ఇచ్చినవారు, ఆ హక్కులనే మరల వేరు సంస్థకు ఇయ్యజాలరు. విశ్వాసము ఇరువైపుల నడువవలసిన బండి.

ఇక చేయదగిన పనిని క్లుప్తముగా చెప్పెదను. ఊరిలో పాట కట్టు పెద్దలెవరో గుర్తించి, వారి పాటలను తేదీ వేసి ఒక పుస్తకమున వ్రాయింపుడు. కర్త సంతకమును గాని వ్రేలిముద్రను గాని ఇద్దరు సాక్షులయెదుట తీసికొనుడు. కాపీరైటు నమోదు చేయించుట నిర్బంధము కాదు. చేయింపకున్నను హక్కు పోదు. విలువగల రచనయని తోచినచో నమోదు చేయించుట సాక్ష్యమునకు మంచిది. 2013 నాటి నియమములలో ఒక్కొక్క సంగీత రచనకు రుసుము 500 రూపాయలుగా నిర్ణయింపబడినది. తరువాత ఒక్క పాటను మాత్రమే ఒక సంస్థలో ఉంచి, పైని నాలుగు ప్రశ్నలను ఉత్తరముగా వ్రాసి పంపుడు. ఉత్తరము వచ్చెనా, మనిషి వ్రాసినదా, సూటిగా నున్నదా చూడుడు. ఆ పాటను తీసివేయించి చూడుడు; తీసిరేని మరల ఉంచుడు. సాగరు ఎడమకాలువ నీరు పారించు మన రైతు, క్రొత్త తూమును తెరచుటకు ముందు అది మూతపడునో లేదో చూచుకొనును గదా! ఒక సంవత్సరము నడచిన పిమ్మట మిగిలిన పాటల సంగతి ఆలోచింపవచ్చును.

మీకు కంప్యూటరు రాదని వెనుదీయవలదు. పత్రము చదివి ఇందు కౌలున్నదా క్రయమున్నదా యని తేల్చుట మీకు జీవితమంతయు అలవాటైన పని. పిల్లలకు మీట నొక్కుట తెలియును. నొక్కుటకు ముందు ఆగుట మీరు నేర్పవలెను. మీరు అడిగి చదివించుకొన్నచో వారును చదువుదురు. మన సీమలో పుట్టిన పాట నాలుగు దేశములు తిరిగిరావలెను. తిరిగివచ్చునప్పుడు కట్టినవాని పేరుతోనే రావలెను.